ఆ తూము మూసింది నేనే

2015 చివరి నెలలు. అనంతపురం జిల్లాలో పట్టునేత మీద బతికే ఒక పట్టణంలో, మున్సిపాలిటీ అసిస్టెంట్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. ఊరి పేరు రాయడం లేదు. చెప్పబోయే తప్పు నాది, దాన్ని ఊరికి అంటగట్టడం నాకు ఇష్టం లేదు. ఏఈ అంటే పెద్ద ఉద్యోగమేమీ కాదు. రోడ్డు గానీ, కాలువ గానీ, ప్రహరీ గోడ గానీ, ఏది కట్టాలన్నా మొదట టేపు పట్టుకుని పోయి కొలిచేది మేమే. పని అయిపోయాక అంతా సరిగ్గా ఉందని సంతకం పెట్టేదీ మేమే. ఆ రెండు పనుల మధ్య జరిగేదానికి జవాబు చెప్పాల్సిన వాళ్ళం కూడా మేమే.

ఆ ఊళ్ళో పాతపేట అనే వాడలో ఒక పార్కు ఉంది. నాలుగెకరాలుంటుంది. గేటు మీద రాతి కమాను, లోపల ఆ చివరి నుంచి ఈ చివరికి రెండు వరసల నిద్రగన్నేరు చెట్లు, వరసకు ఏడు. ఇద్దరు మనుషులు చేతులు కలిపినా మొదలు అందదు. పేటవాళ్ళు దాన్ని దొరతోట అంటారు. ఏ దొర వేయించాడో ఎవరూ ఖాయంగా చెప్పలేరు. వెనకటి ఒక పెద్ద కరువులో, ఆకలితో వచ్చిన జనానికి గంజి పోసి వాళ్ళ చేత తవ్వించిన తోట అని మాత్రం ముసలివాళ్ళు చెప్పేవారు. మాది గోరంట్ల దగ్గర పల్లె. మా సీమలో కరువుపని కింద తవ్విన చెరువులు, వేసిన రోడ్లు చాలా చూశాను గానీ, కరువుపని కింద వేసిన తోట చూడటం అదే మొదలు.

పొద్దున పూట ఆ చెట్ల వరసల మధ్య పడుగులు చాచేవారు. చీరకు నిలువునా వచ్చే పట్టుదారాల వరసను పడుగు అంటారు. వాటిని బారుగా లాగి కట్టి, చిక్కులు తీసి, తెగినచోట అతికి, మళ్ళీ చుట్ట చుట్టాలి. దానికి పొడవైన నీడ కావాలి, గాలిలో కొంచెం చల్లదనం కావాలి. ఎండిన గాలి తగిలితే పట్టు పెళుసై పుటుక్కుమంటుంది. వీధుల్లో అంత నీడ లేదు కాబట్టి పాతపేట ఆడవాళ్ళు తాతల కాలం నుంచీ ఈ తోటలోకే వచ్చేవారు. వాళ్ళలో నాగరత్నమ్మ అని ఒకామె ఉండేది. నలభై ఐదేళ్ళుంటాయి. కంటికి ఆనని దారాన్ని వేలికొసలతో తడిమి, తెగిన జాగా పట్టుకునేది.

ఆ పార్కును అందంగా తీర్చిదిద్దాలని మున్సిపాలిటీ తీర్మానం చేసింది. నడిచేవాళ్ళకు పేవర్ బ్లాకుల బాట, అంటే సిమెంటు ఇటుకలు పక్కపక్కన పరిచే బాట. మధ్యలో ఒక ఫౌంటెన్, చుట్టూ బెంచీలు, దీపాలు. ఎస్టిమేట్ తయారు చేయడం నా వంతు. ఏ పని ఎంత, ఎక్కడ, ఎలా అని ముందుగా రాసి పైవాళ్ళ అనుమతి తీసుకునే కాగితాన్నే ఎస్టిమేట్ అంటారు. పొద్దున్నే నడకకు వచ్చే పెద్దమనుషులు కొందరు నన్ను కలిసి ఒకటే మాట చెప్పారు. వాన పడితే పార్కులో రెండు రోజులు నీళ్ళు నిలుస్తున్నాయి, బురదలో నడవలేకున్నాం, ముందు దాని సంగతి చూడండి అని.

నేను ఆటో లెవెల్ తీసుకుని పార్కుకు పోయాను. నేల ఎత్తుపల్లాలు కొలిచే పరికరం అది, మూడుకాళ్ళ స్టాండు మీద పెట్టి దుర్భిణిలోంచి చూస్తాం. ఎదురుగా ఒక మనిషి అంకెలు వేసిన కర్ర నిలబెట్టాలి. ఆ రోజు నాకు కర్ర పట్టింది తోటమాలి మస్తాన్. యాభై దాటిన మనిషి. వాళ్ళ నాయన కూడా ఆ తోటలోనే మాలి. నాయన పర్మనెంటు ఉద్యోగి, ఈయన మాత్రం కాంట్రాక్టరు కింద మనిషి. ఇరవై ఏళ్ళకు పైగా పనిచేస్తున్నా రేపు రావద్దంటే అడిగే దిక్కు లేదు.

పడమటి గోడ అడుగున ఒక రాతి తూము కనబడింది. తూముకు రెండు పక్కలా గాడులు చెక్కి, వాటిలో ఒక చెక్క పలక దించి ఉంది. తూము లోపలి వైపు నుంచి మూరెడు వెడల్పు కాలువ మొదలై, చెట్ల వరసల వెంట పోతోంది. ఆకులు, చెత్త నిండి ఉండటం వల్ల నేను దాన్ని పాడుబడ్డ మురుగు కాలువ అనుకున్నాను.

"ఇది మూసేస్తే సరిపోతాది మస్తానన్నా. నీళ్ళు లోపలికి వచ్చేదే ఈ బొక్కలోంచి కదా" అన్నాను.

ఆయన కర్ర కింద పెట్టేశాడు.

"అది మూయద్దండి సార్. ఈడ సంవత్సరానికి పడేది నాలుగు వానలు. పేటలో పడిన వాన నీళ్ళంతా పారి ఈ తూముకాడికే వస్తాయి. ఆ నాలుగు వానల నీళ్ళే ఈ చెట్లు తాగేది. రెండు దినాలు నిలబడతాయి అంటాండారే, నిలబడల్లనే కదా సార్ కాలవ తవ్వింది. నిలబడకపోతే యాడ ఇంకుతాయి?"

"వీధి నీళ్ళు మురికి కదన్నా."

"మొదట వచ్చేవి మురికి. అప్పుడు నేను పలక ఎత్తను. అవి పక్క కాలవలో ఊరి బయటికి పోతాయి. మంచి నీళ్ళు వచ్చేటప్పుడు ఎత్తుతా. మా నాయన కూడా అట్లే చేస్తాండె. వాన వస్తే నేను ఇంట్లో ఉండను సార్, ఈడనే ఉంటా."

"చెట్లకు డ్రిప్పు వేస్తాం, బోరు ఉండాది కదా."

"ఎండాకాలం వస్తే బోరు ఉంటాది, నీళ్ళు ఉండవు" అన్నాడాయన.

నేను నవ్వాను. నవ్వి, పని చేసుకుంటూ పోయాను. కాలువ అడుగున పది పది అడుగులకు లెవెల్ తీశాను. ఆ సాయంత్రం ఆఫీసులో కూర్చుని అంకెలు తీసివేసి చూస్తే నాకు కొంచెం వింతగా అనిపించింది. నాలుగు వందల అడుగుల పొడవునా కాలువ ఒకే వాలులో పోతోంది. ఎక్కడా ఎక్కువ లేదు, తక్కువ లేదు. దానంతటది ఏర్పడ్డ కాలువకు అలాంటి వాలు రాదు. ఎవరో లెక్క వేసి, గీత గీసి, ప్రతి చెట్టు మొదలు దగ్గరా నీళ్ళు కాసేపు ఆగి ముందుకు పోయేలా తవ్వించారు. ఇంజనీరు చదువు చదివినవాణ్ణి, అది నాకు కనబడింది. కనబడలేదని ఈ రోజు చెప్పుకోవడానికి వీల్లేదు. అయినా ఎస్టిమేట్ రిపోర్టులో, వాడకంలో లేని పాత మురుగు కాలువ, పూడ్చివేయవలెను అని రాశాను. ఉగాదికి పార్కు తెరవాలని పైనుంచి మాట వచ్చింది. కాలువను ఉంచి బాట వేయాలంటే డిజైను అంతా మళ్ళీ గీయాలి.

పని మొదలైంది. అడుగు ఎత్తున గ్రావెల్ తోలి, కాలువను కూడా కప్పేసి నేల చదును చేశారు. బాట అంచున కెర్బు రాళ్ళు, అంటే అంచు కట్టే రాళ్ళు, పాతడానికి గుంటలు తీస్తుంటే నా తొడంత లావు వేర్లు అడ్డం వచ్చాయి. గొడ్డళ్ళతో నరికారు. మస్తాన్ ఒక్కొక్క గుంట దగ్గరికీ వచ్చి నిలబడేవాడు. తూముకు అడ్డంగా కాంక్రీటు పోసే ముందు రోజు నా దగ్గరికి వచ్చాడు.

"సార్, మీ పని మీరు చేసుకోండి. ఒకే ఒక్కటి అడుగుతాండా. తూములో ఒక పైపన్నా పెట్టండి. ఇంత లావుది. పైన మీ బండలు పరుచుకోండి, కింద నీళ్ళు పోనీండి."

చేతులతో ఆరంగుళాల వెడల్పు చూపించాడు. అడిగింది న్యాయంగానే ఉంది. పైగా మరీ కష్టమైన పని కూడా కాదు.

"సరేలే అన్నా, పెడతాను" అన్నాను.

ఆయన ముఖం ఎంత వికసించిందో నాకు గుర్తుంది. ఆ మధ్యాహ్నమే పడుగు చుట్టుకుంటున్న నాగరత్నమ్మ దగ్గరికి పోయి చెప్పినట్టున్నాడు. నేను గేటు దగ్గర బండి తీస్తుంటే ఆమె దూరం నుంచే చేయెత్తి దండం పెట్టింది.

శాంక్షన్ అయిన పనిలో చిన్న మార్పు చేయాలన్నా డీవియేషన్ కాగితం పెట్టాలి. ఫలానా కారణం వల్ల ఫలానా మార్పు అని రాసి, పై ఇంజనీర్ల సంతకాలు తీసుకోవాలి. నేను రాసుకుని కమిషనర్ గారి దగ్గరికి తీసుకుపోయాను. ఆయన చెడ్డమనిషి కాదు. కాగితం చదివి, తల ఎత్తి, "ఈ పైపు అవసరమా?" అని అడిగాడు.

అడిగాడంతే. వద్దనలేదు. నేను లెవెల్ అంకెలు ముందు పెట్టి, సార్, ఇది మురుగు కాలువ కాదు, చెట్లకు ప్రాణం ఇదే అని చెప్పి ఉంటే, పెట్టుకో అనేవాడేమో. అవతల సంతకాలకు రెండు వారాలు పడుతుంది. ఉగాది దగ్గర పడింది. కాంట్రాక్టరు రోజూ ఫోను చేస్తున్నాడు.

"అంత అవసరం లేదు సార్" అన్నాను.

ఎవరూ నా చేత అనిపించలేదు. నేనే అన్నాను. మరుసటి రోజు తూము ముందు కాంక్రీటు పోస్తుంటే మస్తాన్ నా వైపు చూశాడు. నేను ఫోను చెవి దగ్గర పెట్టుకుని అటు తిరిగాను. ఫోనులో ఎవరూ లేరు.

ఉగాదికి పార్కు తెరిచారు. జనం బాగా వచ్చారు. ఫోటోలు దిగారు. నన్ను కూడా వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. బాట మీద దుమ్ము పడుతుందని, నడిచేవాళ్ళకు అడ్డమని పొద్దునపూట పడుగులు చాచడం ఆపించారు. ఆ మాట నేను చెప్పలేదు గానీ, చెప్పినప్పుడు పక్కనే ఉన్నాను. కొన్ని రోజులకు, ఆడవాళ్ళు బతిమాలుకుంటే, ఎండ ఎక్కేలోపు చాచుకోవచ్చని ఒప్పుకున్నారు.

జూన్‌లో మొదటి పెద్ద వాన పడింది. మధ్యాహ్నం మూడు గంటలప్పుడు మొదలై గంటన్నర దంచింది. పేట నీళ్ళన్నీ పారి వచ్చి పడమటి గోడకు తగిలాయి. దారి లేక వెనక్కి తన్ని, వీధిలో మోకాటి లోతు నిలబడ్డాయి. లోపల చెట్ల కింద చూస్తే బాట కడిగినట్టు తళతళలాడుతోంది, దాని మీద పడిన వాన ఇంకకుండా జారిపోయింది. ఆ వానలోనే మస్తాన్ గడ్డపార తీసుకుని వచ్చి, తూముకు అడ్డంగా పోసిన కాంక్రీటును పగలగొట్టాడు. నీళ్ళు ఒక్కసారిగా లోపలికి దూకాయి. కాలువ లేదు కాబట్టి వాటికి దారి తెలియలేదు. కొత్త బాట మీద ఎర్రమట్టి, చెత్త, వీధి మురికి అంతా పరుచుకుంది. ఫౌంటెన్ గుంటలో నీళ్ళు నిండి మోటరు కాలిపోయింది. ఎవరో ఫోన్లో వీడియో తీశారు. పొద్దుకుంకేలోపల ఊరంతా చూసింది.

మరుసటి రోజు పొద్దున నన్ను విచారించి రిపోర్టు ఇవ్వమన్నారు. పోయేసరికి మస్తాన్ చీపురుతో బాట మీది బురద తోస్తున్నాడు.

"ఎందుకు చేసినావు మస్తానన్నా?"

"మీరు పైపు పెట్టింటే నాకు గడ్డపారతో ఏం పనుండె సార్?" అన్నాడు. కోపంగా అనలేదు. చీపురు ఆపకుండానే అన్నాడు. కాసేపటికి మళ్ళీ ఆయనే, "పెడతానని మీరు చెప్పినారు కదా అని నేను గమ్మునుంటి. లేకుంటే ఆ పొద్దే కాంక్రీటుకు అడ్డం పండుకునేవాణ్ణి" అన్నాడు.

ఆఫీసుకు వచ్చి రిపోర్టు రాశాను. ఫలానా రోజు ఫలానా సమయంలో తోటమాలి గడ్డపారతో కట్టడాన్ని పగలగొట్టాడు, దానివల్ల బాట, మోటరు పాడయ్యాయి, అడగగా తానే చేసినట్టు ఒప్పుకున్నాడు. ఒక పేజీ కూడా రాలేదు. తూము సంగతి, పైపు సంగతి, నేను ఇచ్చిన మాట సంగతి రాయలేదు. రాస్తే ఆ కాలువను మురుగు కాలువ అని ఎందుకు రాశావని నన్ను అడుగుతారు.

ఆ సాయంత్రం నాగరత్నమ్మ ఆఫీసుకు వచ్చింది. ఆమె ఎప్పుడూ ఆఫీసు మెట్లెక్కినది కాదు. చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చి, తలుపు దగ్గరే నిలబడింది.

"సారూ, ఆయప్పను పనిలోంచి తీసేస్తారంట. నిజమేనా?"

"పెద్దవాళ్ళు చూస్తారక్కా. నా చేతిలో లేదు."

"పైపు పెడతామని మీరే చెప్పినారంట కదా. ఆ మాట వాళ్ళకు చెప్పండి. ఆయప్ప పిచ్చోడు కాదని వాళ్ళకు తెలవల్ల కదా."

"చూస్తానక్కా" అన్నాను.

ఆమె నా ముఖం చూసి వెళ్ళిపోయింది. రిపోర్టు అప్పటికి నా బల్ల మీదే ఉంది. ఇంకా పైకి పోలేదు. నా చేతిలో లేదని చెప్పిన ఆ క్షణంలో అది నిజంగా నా చేతి కిందే ఉంది. మరుసటి రోజు పంపించాను. వారం లోపల మస్తాన్‌ను తీసేశారు. కాంట్రాక్టరు మనిషి కాబట్టి దానికి నోటీసు కూడా అక్కర్లేకపోయింది. తూము మళ్ళీ మూయించారు. మూయించింది నేనే.

ఆరు నెలలకు నాకు బదిలీ అయింది. మరో రెండు ఊళ్ళు తిరిగాను. ఆ మధ్య జిల్లాలో వానలు సరిగ్గా పడలేదు. కణేకల్ వైపు కాలువ కింద పచ్చగా ఉన్న మళ్ళు చూసినప్పుడల్లా దొరతోట గుర్తొచ్చేది. ఫోను చేసి అడగడానికి అక్కడ తెలిసినవాళ్ళు ఉన్నారు. అడగలేదు.

2019 వేసవిలో డిప్యూటీ ఇంజనీరుగా ప్రమోషన్ వచ్చి, మళ్ళీ అదే ఊరికి వేశారు. చేరిన రోజే పార్కుకు పోయాను. గేటు దగ్గర నిలబడితే అవతలి గోడ దాకా కనబడింది. అంతకు ముందు ఎప్పుడూ అలా కనబడేది కాదు. పద్నాలుగు చెట్లలో తొమ్మిది చచ్చిపోయాయి. నాలుగు కొట్టేయగా మొద్దులు మిగిలాయి, ఐదు నిలబడే ఉన్నాయి, బెరడు ఊడి, ఆకు లేకుండా. మిగిలిన ఐదూ ఒక పక్క ఎండి ఒక పక్క బతికి ఉన్నాయి. ఎండిన కొమ్మ ఒకటి విరిగి పడిందని సగం పార్కుకు తాడు కట్టి, లోపలికి రావద్దని బోర్డు పెట్టారు. బాట మీద నడిచేవాళ్ళు లేరు. ఎండకు బండలు కాలుతున్నాయి. పడుగు కట్టే గుంజలు పీకేసి గోడ వార పడేసి ఉన్నాయి.

నాగరత్నమ్మ గురించి అడిగితే, గార్మెంట్స్ ఫ్యాక్టరీకి పోతోందన్నారు. రెండు రోజుల తర్వాత, సాయంత్రం ఫ్యాక్టరీ బస్సు దిగే చోట కలిశాను. గుర్తుపట్టింది.

"నీడ పోయినాక ఆడ పడుగు నిలబడలేదు సారూ. చాస్తే చాలు, పుటుక్కు పుటుక్కుమని తెగిపోతాండె. షావుకార్లు ఊరకుంటారా? వేరే వాడలోవాళ్ళకు ఇచ్చుకున్నారు. మా పేటలో ఆ పనే లేదిప్పుడు" అంది.

"ఫ్యాక్టరీలో ఏం పనక్కా?"

"చొక్కాలకు మిగిలిన దారాలు కత్తిరించేది."

మళ్ళీ ఆమే, "మస్తానప్ప ఊరి బయట నర్సరీలో ఉండాడు. పోయి చూడండి" అని చెప్పి ఇంటికి నడిచింది.

నర్సరీలో ఆయన నేల మీద కూర్చుని నల్లటి ప్లాస్టిక్ సంచుల్లో మట్టి నింపుతున్నాడు. గడ్డం నెరిసిపోయింది. నన్ను చూసి లేవబోతే వద్దని, నేనూ కింద కూర్చున్నాను. క్షమించమని అడగడానికి దారి పొడవునా మాటలు కూర్చుకుంటూ వచ్చాను.

"నాది తప్పు మస్తానన్నా" అని మాత్రం అన్నాను.

ఆయన సంచి నింపడం ఆపలేదు. "ఎన్ని ఉండాయి సార్ ఇప్పుడు?" అని అడిగాడు.

"ఐదు."

"ఐదా?" అన్నాడు. చేయి ఆగింది. "నేను ఆ దావన పోక రెండేండ్లాయె. ఏడో ఎనిమిదో ఉంటాయనుకుంటి."

తూము మళ్ళీ తెరవాలనుకుంటున్నానని, కాలువ ఎక్కడ పోయేదో బండల కింద గుర్తుపట్టాలని, రమ్మని అడిగాను. అప్పటి అంకెలు రాసుకున్న నా పాత లెవెల్ పుస్తకం కోసం ఆఫీసంతా వెదికించాను, దొరకలేదు. ఆయన చేతిలోని సంచి నింపి పక్కన పెట్టాడు. చివరికి, "శుక్రవారం నమాజు అయినాక వస్తా" అన్నాడు.

వచ్చాడు. గోడ దగ్గర నిలబడి, తూము ఉండిన చోటు కాలితో చూపి, అక్కడి నుంచి అడుగులు లెక్కపెట్టకుండానే నడుచుకుంటూ పోయాడు. చెట్టున్న చోట, చెట్టు లేని చోట కూడా ఒక్క నిమిషం ఆగి మలుపు తిరిగాడు. నేను వెనకాల సున్నంతో గీత వేసుకుంటూ పోయాను. మరుసటి రోజు ఆ గీత మీద బండలు లేపి, గ్రావెల్ తీయించాను. అడుగు లోతున కాలువ చెక్కుచెదరకుండా ఉంది, రెండు పక్కలా పేర్చిన రాళ్ళతో సహా. ఆయన వంగి ఒక రాయి మీద మట్టి తుడిచాడు.

"ఉండాది సార్. యాడికి పోతాది" అన్నాడు.

ఈసారి పనికి అనుమతి తేవడం కష్టం కాలేదు. వాన నీటి సంరక్షణ అని పేరు పెట్టి పంపితే వారంలో ఒప్పుకున్నారు. చేయబోయేది మూడేళ్ళ కిందట ఆయన అడిగిన పనే.

తూము తెరిపించి కొత్త పలక దించాక, సెప్టెంబరులో వాన వచ్చింది. కొత్త మాలికి పలక సంగతి తెలియదు కాబట్టి నేనే గొడుగు పట్టుకుని తూము దగ్గర నిలబడ్డాను. నీళ్ళు మొదట నల్లగా వచ్చాయి, తర్వాత ఎర్రబడ్డాయి. ఇక మంచి నీళ్ళే అనుకుని పలక ఎత్తబోయి, ఎందుకో అనుమానం వచ్చి మస్తాన్‌కు ఫోను చేశాను.

"రంగు చూసి ఎత్తద్దండి సార్. ఎర్రబడినాక కూడా మురుగు ఉంటాది. దోసిట్లో పట్టుకుని వాసన చూడండి. ఒట్టి మట్టి వాసన వస్తే అప్పుడు ఎత్తండి."

గొడుగు పక్కన పడేసి, మోకాళ్ళ మీద కూర్చుని నీళ్ళు దోసిట్లోకి తీసుకున్నాను. నాలుగైదు సార్లు చూశాక మురుగు కంపు పోయింది. పలక ఎత్తాను. నీళ్ళు కాలువలో పడి, మొదటి చెట్టు దగ్గర కాసేపు ఆగి, నిండి, ముందుకు పోయాయి. రెండోది, మూడోది మొద్దులు. అక్కడా అలాగే ఆగి, నిండి, ముందుకు పోయాయి. నేను వానలో నిలబడి అది చూశాను. సంతోషించాల్సిన రోజే అది. సంతోషం రాలేదు.

తర్వాతి వారం మళ్ళీ నర్సరీకి పోయి, పనిలోకి తిరిగి తీసుకునేలా పైవాళ్ళతో మాట్లాడానని, రమ్మని చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"వద్దు సార్. అప్పుడు ఆ తోట మాది అనుకుని చేసినా. తీసేసినారు కదా, ఆ పొద్దే తెలిసిపోయె, మాది కాదని. ఇప్పుడొచ్చి చేస్తే జీతం కోసరం చేసినట్లే ఉంటాది. దానికి ఈ నర్సరీ చాలు. మీకు తెలియనిది ఏదైనా ఉంటే ఫోను చేయండి, చెప్తా."

అప్పటి ఫైలు తెప్పించి చూశాను. నా రిపోర్టు అలాగే ఉంది. మళ్ళీ మళ్ళీ చదివాను. అందులో ఒక్క అబద్ధం లేదు. సమయం నిజం, గడ్డపార నిజం, మోటరు కాలిపోవడం నిజం, ఆయన ఒప్పుకోవడం నిజం. అన్నీ నిజాలే రాసి ఒక మనిషికి అంత అన్యాయం చేయవచ్చని నాకు ఏ కాలేజీలోనూ, ఏ ట్రైనింగులోనూ ఎవరూ చెప్పలేదు.

రెండు పేజీల నోట్ రాసి ఆ ఫైల్లో కలిపాను. కాలువ ఎందుకు తవ్వారో నాకు లెవెల్స్‌లోనే తెలిసిందని, పైపు పెడతానని మాట ఇచ్చి పెట్టలేదని, ఆ మనిషి కాంక్రీటు పగలగొట్టింది చెట్లను బతికించడానికని. దానిమీద ఎవరూ నన్ను సంజాయిషీ అడగలేదు. మూసేసిన ఫైలు ఎవరు తెరుస్తారు? దాని నకలు ఒకటి మస్తాన్‌కు ఇచ్చాను. ఆయన చదువుకోలేదు. నర్సరీ యజమాని చేత చదివించుకుని, మొత్తం విని, కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"బాగా రాసినారు సార్" అన్నాడు. కొంచెం ఆగి, "ఇది ఆ పొద్దు రాయల్సిండె" అన్నాడు.

ఐదు చెట్లలో నాలుగు నిలదొక్కుకున్నాయి. చచ్చినవాటి చోట మస్తాన్ ఇచ్చిన మొక్కలే నాటాం. ఇప్పుడు మనిషెత్తు దాటాయి. వాటి కింద పడుగు చాచేంత నీడ రావడానికి ఎన్నేళ్ళు పడుతుందో నాకు తెలుసు. ఆ నీడ వచ్చేటప్పటికి నాగరత్నమ్మ వేళ్ళకు దారం తెలియదు.

ఇప్పుడు నా కింద పనిచేసే కుర్ర ఇంజనీర్లకు కొత్త చోటికి పోయినప్పుడల్లా ఒకటి చెప్తుంటాను. అక్కడ అందరికంటే తక్కువ జీతగాడు ఎవరో చూసి, వాడు ఏం చెప్పాడో రాసుకో, వాడి పేరుతో సహా ఫైల్లో పెట్టు. నీకు నచ్చకపోయినా పెట్టు. వాళ్ళు తల ఊపుతారు. కొందరు రాస్తారు కూడా. నేను నేర్చుకున్నది మాత్రం అంతకంటే చిన్నది, అంతకంటే కష్టమైనది. నాకు ఆ రోజు తెలియనిది ఏదీ లేదు. వాలు తెలుసు, తూము తెలుసు, ఇచ్చిన మాట తెలుసు. ఆయన అడిగినదానికి కావలసిన చదువు నా దగ్గర ఉంది. రెండు వారాలు ఆలస్యమవుతుంది సార్, అయినా ఇది అవసరం అని చెప్పే ధైర్యమే లేకపోయింది.